కళాశాలయు నిమ్మమండీయు

మీలో కొందరి యిండ్లలో తాతలనాటి వాల్వు రేడియో యింకను అటకమీద భద్రముగా నుండవచ్చును. అట్టి పెట్టె లోపల కండెన్సరు లనెడి చిన్న బిళ్ళలు కొన్ని యుండును. వానిలో మేలైనవానికి అభ్రకపు పొరలు వాడెడివారు. ఆ పొర యే గనిలో పుట్టినదో పెట్టెమీద వ్రాసియుండదు గాని, మా గూడూరు ప్రాంతమున పుట్టియుండుటకు అవకాశము లేకపోలేదు. గూడూరు, రాపూరు, సైదాపురము ప్రాంతములలో పంతొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములనుండి అభ్రకము త్రవ్వుచుండిరి. పచ్చని ఛాయగల నెల్లూరు అభ్రకమునకు విదేశములలో పేరుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, బ్రిటిషు అమెరికా ప్రభుత్వములు రెండును కలిసి అభ్రకము కొనుటకే యొక సంఘమును మన దేశమునకు పంపినవి. యుద్ధవిమానములోని రేడియోకు ఆ పొర లేనిదే మాట రాదు.

మా బాల్యమున గూడూరు షెడ్లలో స్త్రీలు వరుసగా కూర్చుండి, చిన్నకత్తితో అభ్రకపు దిమ్మలను కాగితమువలె చీల్చెడివారు. ఆ షెడ్లముందు వీధిమట్టి ఎండలో తళతళ మెరయుచుండెడిది. తరువాత వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినవి. అభ్రకమునకు బదులు వేరు పదార్థములు వచ్చినవి. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియను 1991లో విడిపోయినది. రేకు అభ్రకపు గిరాకి క్రమముగా తగ్గి, షెడ్లు ఒకటొకటిగా మూతపడినవి. గనులను గూర్చి తెలిసినవారు మా ఊర నెందరో యుండిరి. బేరము తెలిసినవారు అంతకంటె ఎక్కువమంది యుండిరి. కాని, ఎక్కడనో ఒక ప్రయోగశాలలో మారిన వస్తువు గూడూరు వీధిలో కూలిని మాన్పించునని ముందుగా చెప్పగలవారు మాత్రము మాకు కనబడలేదు.

ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామనగా, మేము ముప్పది సంవత్సరములకు పైగా వాణిజ్యశాస్త్రము బోధించినవారము. జమాఖర్చులు, భాగస్వామ్య లెక్కలు, కంపెనీ చట్టము, ఇవన్నియు నల్లబల్లమీద వ్రాసితిమి. అభ్రకపు కథను మాత్రము ఒక్కనాడైనను పాఠముగా చెప్పలేదు. అది పాఠ్యగ్రంథములో లేదు గదా!

వ్యాపారమును కళాశాలలో చదువుట మన దేశమున కొత్తది కాదు. బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాల 1913లో ప్రారంభమైనది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1957లోనే ఎం.బి.ఏ. తరగతి పెట్టి ఆ విషయమున దేశమునకు మార్గదర్శకులలో ఒకటైనది. మా ప్రాంతపు కళాశాలలకు నేడు ఆధారమైన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడి, నెల్లూరికిని గూడూరికిని నడుమ కాకుటూరు వద్ద నిలిచియున్నది. చదువునకు కొరత లేదు. చదివినవానిని అంగడిలో నిలువబెట్టుట యెట్లన్నదే చిరకాలముగా నున్న చిక్కు.

అమెరికాలోని సిన్సినాటి నగరమున హెర్మన్ ష్నైడర్ అనెడి ఆచార్యుడు 1906లో ఈ చిక్కుకొక మార్గము చూపెను. 27 మంది ఇంజనీరింగు విద్యార్థులను తీసికొని, కొంతకాలము తరగతిలోను, కొంతకాలము కర్మాగారములోను మార్చి మార్చి ఉంచెను. ఇంగ్లండులో ఇట్టి చదువునకు సాండ్‌విచ్ కోర్సు అని పేరు పెట్టిరి. రొట్టెముక్కల నడుమ కూర పెట్టినట్లు చదువు నడుమ పని పెట్టుదురన్నమాట. పేరు తినుబండారమునకు చెందినదైనను భావము సరియైనదే. మన ఊళ్ళలో ఈ పద్ధతి మరియొక రూపమున పూర్వమునుండి యున్నది. చిట్టా ఆవర్జాలు వ్రాయుట నేర్చుకొనుటకు పిల్లవానిని మేనమామ దుకాణములో కూర్చుండబెట్టెడివారు. మొదటి సంవత్సరము దుకాణము ఊడ్చుట, రెండవ సంవత్సరము తూకము, ఆ పిమ్మటనే కలము. ఆ విద్యలో లోపమేమనగా, మేనమామ లేనివానికి అది లేదు. మేనమామ చేయు తప్పులు కూడ మేనల్లునికి యథాతథముగా సంక్రమించెడివి.

2020లో మన రాష్ట్రప్రభుత్వము డిగ్రీ చదువులను సంస్కరించుచు, మూడు సంవత్సరములలో పది నెలలు పనిశిక్షణ యుండవలెనని నిర్ణయించెను. మొదటి సంవత్సరము తరువాత రెండు నెలలు సమాజసేవ. రెండవ సంవత్సరము తరువాత రెండు నెలలు ఏదైన సంస్థలో శిక్షణ. మూడవ సంవత్సరమున ఒక అర్ధసంవత్సరము పూర్తిగా పని. పిల్లలు దీనిని ఇంటర్న్‌షిప్పు అనియే పిలుతురు గనుక మేమును ఆ మాటనే వాడెదము. ఉద్దేశమును మేము మనఃపూర్వకముగా మెచ్చుకొంటిమి. బి.కాం. చదివినవాడు బ్యాంకులో డబ్బు కట్టు చీటీని నింపలేక చుట్టు చూచుట మేము కన్నులార కన్నదే.

కాని పది నెలలు పని ఎవరియొద్ద? గూడూరు డివిజనులోని కళాశాలలనుండి ఏటేట వందలకొలది పిల్లలు ఒక్కసారి బయలుదేరుదురు. దక్షిణమున శ్రీసిటీలో పెద్ద కర్మాగారములున్నవి. తూర్పున కృష్ణపట్నము ఓడరేవున్నది. అక్కడివారు ఇంజనీరింగు విద్యార్థులను కోరుదురు. బి.కాం. పిల్లవానిని చూచి, కూర్చుండుము నాయనా అని మర్యాదగా కుర్చీ చూపుదురు, అంతే. ఈ ఇబ్బందిని కనిపెట్టి, కొన్ని సంస్థలు అంతర్జాలములోనే శిక్షణ యిత్తుమని వెలసినవి. రుసుము కట్టవలెను. వారమున కొకసారి చిత్రములు చూడవలెను. తుదకు బంగారురంగు అంచుగల యోగ్యతాపత్రము వచ్చును. గది దాటకుండ ఇంటర్న్‌షిప్పు ముగియును. వానిలో మంచివియు లేకపోలేదు. చాలవానిలో అంచు ఒక్కటే గట్టిగా నున్నది.

ఇక మా తప్పు చెప్పవలెను.

2024 వేసవిలో మా విద్యార్థి యొకడు నిమ్మమండీలో శిక్షణకు చేరెదనని వచ్చెను. అతని తల్లి మండీలో కాయలు ఏరు పనికి పోవునది. గూడూరు నిమ్మమార్కెట్టు సంగతి మీకు తెలిసినదే. రాపూరు, సైదాపురము, వెంకటగిరి వైపు తోటలనుండి బస్తాలు వచ్చును. పచ్చికాయ వేరు, పండు వేరు, పరిమాణమునుబట్టి ధర వేరు. సాయంకాలమునకు లారీలు ఉత్తరదేశమునకు సాగిపోవును. ఢిల్లీలో ఎండ ముదిరినచో ఇక్కడ ధర లేచును. అక్కడ వాన పడినచో ఇక్కడ పడిపోవును. 2022 ఏప్రిలులో కిలో నూరు రూపాయలు దాటినప్పుడు దేశమంతయు నిమ్మకాయ మాట చెప్పుకొన్నది. చలికాలమున అదే కాయకు కోతకూలి రాక రైతు చెట్టుక్రిందనే వదలిపెట్టిన రోజులున్నవి. వ్యాపారశాస్త్రమునకు ఇంతకంటె మంచి ప్రయోగశాల యేది? మేము సంతోషముగా సంతకము చేసితిమి.

రెండు నెలల తరువాత పిల్లలందరును దినచర్య పుస్తకములు తెచ్చిరి. చాలవానిలో అచ్చువేసిన పుటలు, రంగుల పటములు. ఈ పిల్లవానిది మాత్రము పదునైదు రూపాయల నోటుపుస్తకము. ప్రతిదినము ఎన్ని బస్తాలు వచ్చినవి, ఉదయపు ధర యెంత, మధ్యాహ్నపు ధర యెంత, హమాలీ యెంత, కమీషను యెంత, తరుగు యెంత, అన్నియు పెన్సిలుతో గీతలు గీసి వ్రాసియుండెను. యోగ్యతాపత్రము లేదు. “మా దగ్గర అట్టాంటి కాగితాలు ఉండవబ్బయా” అని యజమాని చెప్పెనట. పుస్తకము చివర ఒక పుటలో ఈ ప్రశ్న యుండెను. మచ్చకాయలని, మెత్తకాయలని రైతు లెక్కలోనుండి తీసివేసిన తరుగును ఊరగాయవారు కొనిపోవుచున్నారు, ఆ సొమ్ము ఎవరి ఖాతాలో జమయగుచున్నది, చీటీలో ఎందుకు లేదు?

శ్రోతలారా, ముప్పది సంవత్సరములు లెక్కలు చెప్పిన మాకు, ఒక విద్యార్థి నిజమైన లెక్క అడుగుట అదే మొదటిసారి. మేము చేసినదేమి? ఆ పుట చూచి భయపడితిమి. రేపు ఆ మండీవారు మరియొక విద్యార్థిని చేర్చుకొందురా? పరిశీలకులు వచ్చి, ఇదేమి అందురేమో? “ఈ పుట తీసివేసి తిరిగి వ్రాసుకొని రమ్ము” అంటిమి. అతడు మారు పలుకలేదు. మరునాడు ఆ పుట లేని ప్రతి తెచ్చెను. యోగ్యతాపత్రము లేనందున నిబంధన ప్రకారము మార్కులు తగ్గించితిమి. బంగారుటంచు పత్రములకు నూటికి తొంబది వేసిన చేతితోనే ఇతనికి యాబదియెనిమిది వేసితిమి. పోవునప్పుడు అతడు గడపయొద్ద నిలిచి, “నేను రాసింది తప్పా సార్?” అని అడిగెను. తప్పు కాదంటిమి. “మరి?” అనెను. ఆ “మరి”కి మాయొద్ద సమాధానము లేకపోయెను. మార్కులు అప్పటికే పై కార్యాలయమునకు పోయినవి.

ఆ తరువాత మేము కొంత చదివితిమి. వయసు మీరిన తరువాత చదువుటలో ఒక సుఖమున్నది, పరీక్ష లేదు. మన తెలుగుదేశముననే 1964లో జరిగిన ఒక ప్రయోగము మా దృష్టికి వచ్చెను. హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెల్లండ్ కాకినాడ పట్టణపు వ్యాపారులను 52 మందిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణసంస్థకు రప్పించి, జట్లుగా పదిదినముల చొప్పున శిక్షణ యిప్పించెను. వారికి నేర్పినది లెక్కలు కాదు. బొమ్మలు చూపి కథలు వ్రాయించిరి. కొయ్యకు ఉంగరము విసరు ఆటలో ఎంతదూరమునుండి విసరుదురో వారినే నిర్ణయించుకొనుడనిరి. మరీ దగ్గర నిలిచినచో గెలుపునకు విలువ లేదు, మరీ దూరము నిలిచినచో అది జూదము. తన శక్తికి తగిన దూరము తానే కనుగొనుట వ్యాపారస్థుని మొదటి గుణమని ఆయన మతము.

తిరిగి వచ్చిన తరువాత వారి వ్యాపారములను కొన్ని సంవత్సరములు గమనించి, అట్టి శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతోడను పోల్చిరి. 1969లో వెలువడిన గ్రంథములో ఫలితములున్నవి. కొత్త వ్యాపారములు పెట్టుట, ఉన్నవానిని పెంచుట మొదలగు చురుకుదనము శిక్షణ పొందినవారిలో తక్కినవారికంటె దాదాపు రెట్టింపుగా నుండెను. అందులో మమ్ము ఆపినది మరియొక సంగతి. దుకాణములో తానే నిర్ణయము చేయగల అధికారము ఉన్నవారిలోనే ఈ మార్పు స్పష్టముగా కనబడినది. తండ్రిచాటునో అన్నచాటునో ఉండి, చెప్పినది చేయువారిలో పెద్ద భేదము లేదు. శిక్షణ అందరికిని ఒక్కటే. కాని నిర్ణయించు చోటు లేనివానియందు ఆ శిక్షణ మొలకెత్తలేదు.

మన పది నెలల ఇంటర్న్‌షిప్పును ఈ కొలతతో కొలిచి చూడుడు. పిల్లవాడు ఎన్ని దినములు పోయెను, హాజరుపట్టీలో సంతకములు సరిగానున్నవా, ఇవి మేము లెక్కించుచున్నాము. ఆ పది నెలలలో అతడు తాను స్వయముగా నిర్ణయించినది ఒక్కటైనను కలదా? ఈ ప్రశ్న మా పత్రములలో ఎక్కడను లేదు.

కనుక ఆ పిల్లవాడు మూడవ సంవత్సరమున అర్ధసంవత్సరపు శిక్షణకు మరియొక మండీలో చేరినప్పుడు మేము స్వయముగా ఆ యజమానియొద్దకు పోయితిమి. “ఇతనిచేత టీలు తెప్పింపవద్దనుట లేదు, తెప్పింపుడు. కాని ఒక్క సరుకుపైన ఒక్కసారి ఇతనినే నిర్ణయింపనిండు” అని ప్రార్థించితిమి. ఆయన నవ్వెను. వృద్ధుడు, బడికి ఎక్కువ పోయినవాడు కాడు. “పంతులుగారూ, నష్టమొస్తే ఎవరు కడతారు?” అనెను. న్యాయమైన ప్రశ్న. విశ్వవిద్యాలయపు పత్రములలో దానికిని గడి లేదు. కొంతసేపు ఆలోచించి, “సరే, సగం నాది. కానీ రైతుకు చెప్పేది మాత్రం ఈ అబ్బయే” అనెను.

ఫిబ్రవరినెలలో రాపూరు వైపునుండి వచ్చిన 10 బస్తాలు, బస్తాకు 50 కిలోల చొప్పున 500 కిలోలు, ఆ పిల్లవాని వశము చేసిరి. మూడు దినములనుండి ధర పెరుగుచున్నది. నాలుగవ దినము కూడ పెరుగునని అతని లెక్క. రైతును ఒప్పించి ఒక్క పూట ఆపెను. మరునాడు సరుకు విపరీతముగా వచ్చి ధర కిలోకు 6 రూపాయలు పడిపోయెను. మూడువేల రూపాయలు పోయినవి. రైతు వచ్చినప్పుడు మేమును అక్కడ నుంటిమి. పిల్లవాని ముఖమున రక్తము లేదు. నోటుపుస్తకము విప్పి చూపి, “మామా, మూడు రోజుల ధర చూసి ఆపినాను. తోటల్లో ఎంత కాయ కోతకొచ్చిందో అడగలా. అది నా తప్పు” అనెను. రైతు పుస్తకమువంక చాలసేపు చూచెను. “ధర రాసుకున్నావు గానీ, మబ్బు రాసుకోలేదే అబ్బయా. రెండు రోజులు మబ్బేసింటే వానొస్తదేమోనని అందరూ కోసేస్తారు గదా” అనెను. ఆ దినమునుండి ఆ పుస్తకములో ధర ప్రక్కన ఆకాశమునకు ఒక గడి చేరెను. యజమాని తన సగము పదునైదువందలు రైతు చేతిలో పెట్టెను. తక్కిన సగము ఎవరు భరింతురని మేము అడుగబోవుచుండగా రైతే లేచి, “నేనైనా ఆపుండేవాణ్ణే, పోనియ్యండి” అని వెళ్ళిపోయెను. ఆ సంవత్సరము మేము వేసిన మార్కులలో కారణము వ్రాయగలిగినవి ఆ పిల్లవాని మార్కులు మాత్రమే.

ఆడపిల్లల సంగతి కూడ కొంత చెప్పవలెను. మండీకి కూతురిని పంపుమనిన ఏ తండ్రియు ఒప్పుకొనడు. వాదించి ఫలము లేదు. ఒక విద్యార్థిని తల్లి సభ్యురాలైన పొదుపుసంఘమునే తన సంస్థగా ఎంచుకొనెను. నెల్లూరుసీమకు ఈ సంఘములు పరాయివి కావు. 1992లో దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిన తరువాత, సారాయికి పోవు రూపాయిని కూడబెట్టు అలవాటు పల్లెపల్లెను పాకినది. ఆ పిల్ల ఆరు నెలలు సంఘపు పద్దులు వ్రాసి, గేదెల కొరకని తీసికొన్న అప్పులలో ఎన్నో బడిఫీజులకు, ఆసుపత్రికి పోయినవని కనుగొనెను. అయినను వాయిదాలు తప్పలేదు. గేదె లేకుండ గేదె అప్పు తీరుట యెట్లు? ఒక స్త్రీ రొయ్యలచెరువు కూలినుండి కట్టినది, మరియొకతె ఇడ్లీబండి నుండి కట్టినది. ఏ దరఖాస్తులోను లేని ఆ ఇడ్లీబండియే అసలు వ్యాపారమని ఆ పిల్ల వ్రాసినది. పొదుపుసంఘములపై మా గ్రంథాలయములో పుస్తకములు కొన్ని యున్నవి గాని, ఈ మాట వానిలో మాకు కనబడలేదు.

రొయ్యల మాట వచ్చినది గనుక ఒక్కటి. కోట, వాకాడు, చిల్లకూరు తీరమున 1990 తరువాత చెరువులు త్రవ్వి లక్షలు చూచినవారు, 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ రోగము వచ్చినప్పుడు ఒక్క పంటతో కూలిరి. 2009 తరువాత వనామి రొయ్య వచ్చి మరల నిలువబెట్టినది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకమును నూటికి 50 వరకు పెంచినప్పుడు చెరువుగట్టునే ధర తగ్గినది. అభ్రకపు షెడ్ల కథను మేము చెప్పకపోయినను, రొయ్య తానే వచ్చి తిరిగి చెప్పినది.

ఇప్పుడు ఈ మాటలు వినుచున్నవారిలో దుకాణదారులున్నారు, మిల్లు యజమానులున్నారు, మండీవారున్నారు. వేసవి రాగానే డిగ్రీ పిల్లలు చేతిలో ఉత్తరముతో మీ గడప తొక్కుదురు. సంతకము పెట్టి పంపివేయుట సులభము. పిల్లవానిని రెండు నెలలు ఉచితముగా వాడుకొనుట అంతకంటె సులభము. దానిని కూడ మేము చూచినాము. పట్టభద్రులకు కూడ వర్తించు 1961నాటి అప్రెంటిసుల చట్టము క్రింద చేర్చుకొన్నచో భత్యము ఇయ్యవలెను, కొంత ప్రభుత్వమే తిరిగి ఇచ్చును. కళాశాల ఇంటర్న్‌షిప్పునకు అట్టి నిర్బంధము లేదు. కనీసము బస్సుచార్జీ ఇండని అడుగుటకు మేము సిగ్గుపడము. దానికంటె ముఖ్యముగా, చిన్నదే కానిండు, ఒక అలమరలో ఏ సరుకు పెట్టవలెనో, ఒక బాకీదారునికి ఎన్నాళ్ళు గడువు ఇయ్యవలెనో, ఒక్క నిర్ణయము అతనికి విడువుడు. నష్టము ఎంతవరకు భరింతురో ముందే హద్దు చెప్పుడు. తప్పిపోయినచో, ఎవరికి నష్టము కలిగెనో వారి యెదుటనే అతనిచేత చెప్పింపుడు.

ఆ పిల్లవాడు నేడు గూడూరు మండీలోనే గుమాస్తాగా నున్నాడు. సొంతవ్యాపారము పెట్టలేదు. చేతిలో పెట్టుబడి లేదు, తల్లికి మోకాళ్ళనొప్పి, చెల్లెలి చదువు. వాణిజ్యవిద్య ఇచ్చిన ఫలమేమని మీరడిగినచో, తరుగు కాయల సొమ్ము ఇప్పుడు ఆ మండీ చీటీలో ఒక వరుసగా కనబడుచున్నదని మాత్రము చెప్పగలము. అది అతడు యజమానితో మూడు నెలలు మాటలాడి సాధించినది. తొలుత మేము చింపించిన పుట యేమాయెనని మొన్న అడిగితిమి. చింపలేదట. మాకు ఇచ్చినది రెండవ ప్రతి. అసలు పుస్తకము ఇంటిలో పెట్టెలోనే యున్నది. దానిని తీసికొని వచ్చి మా క్రొత్త తరగతికి ఒక గంట పాఠము చెప్పుమని కోరితిమి. “మండీ సెలవు రోజున వస్తాను సార్” అనెను. నిమ్మకు వేసవిలో సెలవు లేదు. తొలకరి పడి రేటు తగ్గువరకు మేము కాచుకొనియున్నాము.